ఫోన్‌లో ఫిల్టర్లు రాకముందే నిజాం నగరం ఫోటోలకు మెరుగులు దిద్దిన రాజా దీన్ దయాళ్

హైదరాబాద్: ఫోటో తీయగానే ఫోన్‌లోనే దాన్ని బాగుచేసుకోవడం ఇవాళ అందరికీ అలవాటే. ముఖం మీద మచ్చ తీసేయడం, నీడలో ఉన్న కళ్లకు కాస్త వెలుగు పెంచడం, వంకరగా వచ్చిన మినార్‌ను నిటారుగా చేయడం, తెల్లబోయిన ఆకాశంలో మబ్బులు పెట్టడం, రంగు దిద్దడం. చార్మినార్ ముందు సెల్ఫీ దిగిన కుర్రాడి దగ్గర్నుంచి పత్తర్‌గట్టీ దుకాణంలో చీరల ఫోటోలు పెట్టే వ్యాపారి దాకా అందరూ ఇదే పని చేస్తున్నారు. ఇదంతా కంప్యూటర్ వచ్చాక పుట్టిన విద్య అనుకుంటారు చాలామంది. కానీ ఈ పనులన్నీ సుమారు 130 ఏళ్ల కిందటి స్టూడియోల్లోనే జరిగేవి. అప్పుడు యాప్ లేదు, స్క్రీన్ లేదు. గాజు పలక, సన్నటి పెన్సిల్, చిన్న కత్తి, కుంచె, ఎండ, ఇవే పనిముట్లు.

ఆ కాలంలో హైదరాబాద్‌ను కెమెరాలో అందరికంటే ఎక్కువగా పట్టుకున్న మనిషి రాజా దీన్ దయాళ్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. చార్ కమాన్, చౌమహల్లా, ఫలక్‌నుమా, అమీర్ల దేవిడీలు, దర్బార్లు, వేటలు, ఊరేగింపులు... ఇవాళ పాత బస్తీ గతం అనగానే కళ్ల ముందు మెదిలే నలుపు తెలుపు బొమ్మల్లో చాలా వరకు ఆయన స్టూడియోవే. ఆ ఫోటోలు అంత బాగా ఎందుకు వచ్చాయో తెలియాలంటే ఆయన జీవితాన్ని మొదటి నుంచి చూడాలి.

నక్షాలు గీసే చెయ్యి

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. ఆయన చదివింది ఫోటోగ్రఫీ కాదు, ఇంజనీరింగ్. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో శిక్షణ పొందారు. 1866లో ఇందోర్ వెళ్లి పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగంలో చేరారు. కట్టబోయే భవనానికి కొలతలు వేయడం, నక్షా గీయడం, ఎంత ఖర్చవుతుందో లెక్క తేల్చడం ఆయన పని. గీత వంకరపోతే గోడ వంకరపోతుంది. అలాంటి పనిలో ఏళ్ల తరబడి మెదిలిన కన్ను ఆయనది.

1874 ప్రాంతంలో ఆయన కెమెరా పట్టుకున్నారు. అప్పటికి వయసు 30. మొదట్లో ఇది ఉద్యోగం పక్కన చేసుకునే సరదా మాత్రమే. ఇందోర్ పాలకుడు మహారాజా తుకోజీ రావు హోల్కర్, సెంట్రల్ ఇండియాలో గవర్నర్ జనరల్ ఏజెంట్‌గా ఉన్న సర్ హెన్రీ డేలీ ఇద్దరూ ఆయన్ని ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు హిందుస్తాన్ పర్యటనకు వచ్చినప్పుడు ఆయన్ని ఫోటో తీసే అవకాశం దీన్ దయాళ్‌కు దొరికింది. చిన్న ఉద్యోగి పేరు పెద్ద దొరల చెవిన పడింది అప్పుడే.

భవనాల ఫోటోల్లో ఆయన డ్రాఫ్ట్స్‌మన్ అనుభవం బాగా పనికొచ్చింది. ఇవాళ చార్మినార్ కింద నిలబడి ఫోన్ పైకెత్తి ఫోటో తీస్తే నాలుగు మినార్లూ వెనక్కి వాలినట్టు, పైకి పోయే కొద్దీ దగ్గరైనట్టు వస్తాయి. తర్వాత ఎడిటింగ్ యాప్‌లో పర్‌స్పెక్టివ్ అనే ఆప్షన్ తెరిచి వాటిని నిటారుగా నిలబెడతారు. అప్పటి పెద్ద చెక్క కెమెరాల్లో ఈ దిద్దుబాటు ఫోటో తీయకముందే జరిగేది. కెమెరాను పైకి వంచకూడదు. గాజు పలక ఉండే వెనక భాగాన్ని గోడకు సమానంగా నిటారుగా ఉంచి, ముందున్న లెన్స్‌ను మాత్రం పైకి జరపాలి. అప్పుడు భవనం శిఖరం కూడా ఫ్రేములోకి వస్తుంది, గోడలూ తిన్నగా ఉంటాయి. దీన్ దయాళ్ తీసిన కట్టడాల ఫోటోల్లో స్తంభాలు, కమాన్లు నక్షాలో గీసినంత నిటారుగా కనిపించేది ఇందుకే.

1880ల మొదట్లో ఆయన సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్, మధ్య భారతం తిరిగారు. సాంచీ, గ్వాలియర్ లాంటి చోట్ల పాత కట్టడాలన్నీ ఫోటోలు తీశారు. ఆ ఫోటోలతో 1886లో సెంట్రల్ ఇండియాలోని ప్రసిద్ధ కట్టడాల మీద గ్రిఫిన్ పేరుతో పుస్తకం వచ్చింది. ఈ మధ్యలోనే, 1885లో, వైస్రాయ్ లార్డ్ డఫ్రిన్ ఆయన్ని తన ఫోటోగ్రాఫర్‌గా నియమించుకున్నారు. చివరికి దీన్ దయాళ్ సర్కారు కొలువు వదిలేసి పూర్తిగా ఫోటోగ్రఫీ వ్యాపారంలోకి దిగారు. నెల నెలా వచ్చే జీతాన్ని వదులుకుని, ఖరీదైన గాజు పలకలు, రసాయనాల మీద పెట్టుబడి పెట్టడం ఆ రోజుల్లో చిన్న నిర్ణయం కాదు.

హైదరాబాద్‌కు రాక

1880ల మధ్యలో ఆయన హైదరాబాద్ వచ్చారు. అప్పటికి మహబూబ్ అలీ ఖాన్ ఇరవై ఏళ్ల కుర్రాడు. 1869లో పసివాడిగా ఉండగానే గద్దె దక్కినా, పూర్తి అధికారాలు చేతికొచ్చింది 1884లోనే. 1874 నుంచే సికింద్రాబాద్‌కు రైలు నడుస్తోంది. బొంబాయి నుంచి సామాన్లు రావడం సులువైంది. పాయ్‌గా అమీర్లు, సాలార్ జంగ్ కుటుంబం లాంటి వాళ్లు కొత్త కొత్త మహళ్లు కట్టుకుంటున్నారు. బెల్జియం అద్దాలు, యూరప్ షాండ్లియర్లు తెప్పించుకుంటున్నారు. అలాంటి వాళ్లకు తమ వైభవాన్ని చూపించే ఫోటో కావాలి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఇంగ్లీషు ఫౌజీ అధికారులు ఉన్నారు, వాళ్లకు ఇంటికి పంపుకోవడానికి ఫోటోలు కావాలి. వ్యాపారానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

1886లో దీన్ దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. నిజాం ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా చేసుకున్నారు. 1894లో రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్ అనే ఖితాబు ఇచ్చారు. ఇందులో ముసవ్విర్ అనే మాటను గమనించాలి. ఉర్దూలో ముసవ్విర్ అంటే బొమ్మలు వేసేవాడు, చిత్రకారుడు. కెమెరాతో పనిచేసే మనిషికి దర్బార్ చిత్రకారుడి పేరే పెట్టింది. నిజానికి ఆయన స్టూడియోలో జరిగే పనికి ఆ మాట బాగానే సరిపోయింది. కెమెరా మూత తీసి వేయడంతో పని అయిపోయేది కాదు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలయ్యేది.

గాజు మీద పెన్సిల్

ఆ కాలపు ఎడిటింగ్ ఎలా జరిగేదో తెలుసుకుంటే ఇప్పటి యాప్‌లు కూడా ఇంకా బాగా అర్థమవుతాయి.

ఫోటో మొదట గాజు పలక మీద నెగటివ్‌గా వచ్చేది. నెగటివ్‌లో అంతా తలకిందులు. తెల్లటి షేర్వానీ నల్లగా ఉంటుంది, నల్లటి గడ్డం గాజులా తేటగా ఉంటుంది. 1870ల దాకా పలకకు తడి రసాయనం పూసి, అది ఆరిపోయేలోపు, అంటే కొద్ది నిమిషాల్లోనే, ఫోటో తీసి కడిగేయాలి. అందుకే ఎక్కడికి పోయినా చీకటి డేరా వెంట ఉండాల్సిందే. 1880ల నాటికి జెలటిన్ పూసిన పొడి పలకలు డబ్బాల్లో సిద్ధంగా దొరకడం మొదలైంది. దాంతో వేటకైనా దర్బారుకైనా పలకలు పట్టుకుపోయి, తర్వాత తీరిగ్గా స్టూడియోలో కడుక్కోవచ్చు. తీరిక దొరికింది కాబట్టి దిద్దుబాటు పనీ పెరిగింది.

ఇక రీటచింగ్. నెగటివ్‌ను వాలుగా ఉన్న బల్ల మీద పెట్టి, వెనక నుంచి వెలుతురు వచ్చేలా అద్దం అమర్చేవాళ్లు. పెన్సిల్ జారిపోకుండా పలక మీద పల్చగా ఒక ద్రవం పూసేవాళ్లు. ముఖం మీద ముడత, కళ్ల కింద నీడ, మశూచి మచ్చ... ఇవన్నీ నెగటివ్‌లో తేటగా కనిపించే చుక్కలు, గీతలు. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ చోట చిన్న చిన్న చుక్కలు పెడితే అక్కడ వెలుగు ఆగుతుంది. ప్రింట్‌లో ఆ మచ్చ తేలికపడుతుంది, లేదా మాయమవుతుంది. ఇప్పుడు ఫోన్‌లో హీలింగ్ బ్రష్ చేసే పని ఇదే. తేడా ఏంటంటే, అప్పుడు ఒక్క ముఖానికి గంటలు పట్టేది. చెయ్యి కాస్త ఎక్కువ పడితే ముఖం మైనపు బొమ్మలా అయిపోయేది. చుక్క తగ్గిస్తే మనిషి మిగులుతాడు, పెంచితే బొమ్మ మిగులుతుంది. ఇవాళ స్కిన్ స్మూత్ అనే గీతను చివరిదాకా లాగేవాళ్లకు కూడా ఇదే పాఠం పనికొస్తుంది.

దీనికి ఎదురు పని కత్తిది. నెగటివ్‌లో నల్లగా ఉన్న చోటును సన్నటి కత్తితో గీకితే ప్రింట్‌లో అక్కడ నీడ పెరుగుతుంది. ఎర్ర రంగో నల్ల రంగో కుంచెతో పూస్తే ఆ భాగం ప్రింట్‌లో పూర్తిగా తెల్లబడుతుంది. వెనకాల అక్కర్లేని వస్తువులు కనిపిస్తే ఇలాగే కప్పేసేవాళ్లు. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ రిమూవ్ అంటున్నది దీన్నే.

తర్వాత ప్రింటింగ్. గుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని నెగటివ్‌కు ఆనించి ఎండలో పెట్టేవాళ్లు. ప్రింట్ కూడా నెగటివ్ ఎంత ఉంటే అంతే ఉంటుంది, పెద్దది కావాలంటే పలకే పెద్దది కావాలి. ఎండ ఎక్కువ తగిలిన చోటు నల్లబడుతుంది. ముఖం మరీ నల్లగా వస్తోందనుకుంటే, అక్కడ కాగితం ముక్కతోనో దూదితోనో కాసేపు ఎండ తగలకుండా కప్పి ఉంచేవాళ్లు. మిగతా భాగం ముదురుతుంది, ముఖం తేలికగా ఉండిపోతుంది. చీకటి గది పనివాళ్లు ఇలా వెలుగు ఆపడాన్ని డాడ్జ్ అని, ఎక్కువ ఇవ్వడాన్ని బర్న్ అని పిలిచేవాళ్లు. 1990లో థామస్ నోల్, జాన్ నోల్ అన్నదమ్ముల ఫోటోషాప్ మార్కెట్‌లోకి వచ్చాక కూడా ఆ పనులకు ఇవే పేర్లు నిలిచాయి. ఫోన్‌లో షాడోస్ పెంచి హైలైట్స్ తగ్గించే ప్రతివాళ్లూ ఈ పాత పనినే వేలితో చేస్తున్నారు.

ఆకాశం సంగతి ఇంకో రకం. అప్పటి పలకలు నీలం రంగుకు మరీ తొందరగా స్పందించేవి. నేల సరిగ్గా వచ్చేలోపు ఆకాశం తెల్లగా కొట్టుకుపోయేది. దీనికి ఉపాయం 1850ల్లోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే చూపించారు. సముద్రానికి ఒక నెగటివ్, మబ్బులకు ఇంకో నెగటివ్ తీసి రెండూ ఒకే కాగితం మీద ప్రింట్ చేశారు. 1857లో ఆస్కార్ రైలాండర్ అయితే 30కి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే పెద్ద చిత్రం తయారు చేశారు. అంటే ఫోటోలు అతికించడం అనే విద్య దీన్ దయాళ్ కెమెరా పట్టక ముందే పుట్టింది. ఆయన తరం ఫోటోగ్రాఫర్లకు అది రోజువారీ పనితనంలో భాగం.

ఆయన స్టూడియోలో ఇంకో మంచి అలవాటు ఉండేది. నెగటివ్‌ల మీద నంబర్లు వేసేవాళ్లు. ఎవరైనా ఏళ్ల తర్వాత వచ్చి అదే ఫోటో అడిగితే నంబరు చూసి పలక తీసి మళ్లీ ప్రింట్ ఇవ్వొచ్చు. వేలాది ఫోటోలు ఫోన్‌లో పోగుచేసి, కావాల్సినప్పుడు ఒక్కటీ దొరక్క తిప్పలు పడేవాళ్లకు ఈ లెక్కల పద్ధతి విలువ తెలుస్తుంది.

పలకకు కనిపించని రంగులు

ఎడిటింగ్ అంటే ఉన్నది దాచడమే అని చాలామంది తీర్పు చెప్పేస్తారు. దీన్ దయాళ్ కాలం చూస్తే సంగతి అంత సులువు కాదని తెలుస్తుంది.

అప్పటి పలకలకు ఎరుపు దాదాపు కనిపించదు, పసుపు సరిగ్గా కనిపించదు. ఎర్రటి జరీ అంగరఖా నల్లగా వస్తుంది. ఆసఫ్‌జాహీలకు గుర్తయిన పసుపు రంగు మురికి బూడిదలా వస్తుంది. మనిషి చర్మంలోనూ ఎరుపు, పసుపు ఛాయలే ఎక్కువ. అందువల్ల చామన ఛాయ మనిషి ఫోటోలో ఉన్నదానికంటే నల్లగా, ఎదురుగా నిలబడితే కనిపించని చిన్న ఎర్రటి మచ్చ ఫోటోలో నల్లటి మచ్చగా వచ్చేది. అంటే కెమెరా తీసిన ఫోటోయే తప్పు చెబుతోంది. పెన్సిల్ పట్టినవాడు ఆ తప్పును తగ్గించి, ఎదుటి మనిషి కంటికి కనిపించే ముఖానికి దగ్గర చేస్తున్నాడు. రీటచింగ్ అబద్ధాన్ని చేర్చినట్టే, కొన్నిసార్లు నిజాన్నీ తిరిగి తెచ్చేది.

రంగు వేయడం కూడా ఇలాంటిదే. హిందుస్తాన్‌లోని సంస్థానాల్లో తరాలుగా చిన్న చిన్న చిత్రాలు వేసే కళాకారులు ఉన్నారు. కెమెరా వచ్చాక వాళ్లలో కొందరు స్టూడియోల్లో చేరి, ఫోటో ప్రింట్ మీదే నీటి రంగులు, బంగారు రంగు దిద్దడం మొదలుపెట్టారు. దస్తార్‌కు దాని రంగు, ముత్యాల హారానికి దాని మెరుపు, తివాచీకి దాని పూలు తిరిగొచ్చేవి. దీన్ దయాళ్ స్టూడియోలోనూ చిత్రకారులు పనిచేశారు. వాళ్ల పేర్లు ఫోటోల మీద ఉండవు. ఫోటో కింద స్టూడియో పేరు, పక్కన నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అనే హోదా మాత్రమే ఉంటాయి.

పర్దా వెనక స్టూడియో

1892లో హైదరాబాద్‌లో దీన్ దయాళ్ చేసిన ఒక పని ఆ కాలానికి చాలా ముందున్నది. ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. పర్దా పాటించే కుటుంబాల బేగంలు, షరీఫ్ ఘరానాల ఆడపిల్లలు మగ ఫోటోగ్రాఫర్ ముందు కూర్చోరు. అందుకే చుట్టూ ఎత్తైన గోడలు ఉన్న చోట, కెనీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ చేతిలో ఆ స్టూడియో పెట్టారు. కెమెరా ముందూ ఆడవాళ్లే, వెనకా ఆడవాళ్లే.

వ్యాపార లెక్కలో చూస్తే ఇది తెలివైన నిర్ణయం. అప్పటిదాకా స్టూడియో గడప తొక్కని సగం నగరం ఖాతాదారులయ్యారు. కానీ విషయం అంతటితో ఆగదు. తన ఫోటో ఎవరు తీస్తారు, ఎక్కడ తీస్తారు, ఎవరి కంట పడుతుంది అనే ప్రశ్నకు ఆడవాళ్లకు ఒక జవాబు దొరికింది. భర్త దూర దేశంలో ఉంటే పంపుకోవడానికి, కూతురు అత్తారింటికి వెళ్లాక తల్లి దగ్గర ఉంచుకోవడానికి ఒక బొమ్మ ఇంటికి చేరే దారి దొరికింది. ఇవాళ ఒక అమ్మాయి ఫోటోను ఆమెకు తెలియకుండా ఎవడో డౌన్‌లోడ్ చేసి ముఖం మార్చి పంచే రోజులు వచ్చాయి. ఆ గోడలు ఎందుకు కట్టారో ఇప్పటి వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఎడిటింగ్ నేర్చుకునే ప్రతి కుర్రాడూ మొదట నేర్చుకోవాల్సింది ఇదే. ఫోటో తన ఫోన్‌లో ఉన్నా, అందులోని ముఖం తనది కాదు.

దిద్దకుండానే మారిపోయే ఫోటో

దీన్ దయాళ్ కెమెరా ఎప్పుడూ ఏలేవాళ్ల పక్కనే నిలబడింది. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ లార్డ్ కర్జన్, ఆయన భార్య వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేటకు వచ్చినప్పుడు తీసిన ఫోటో చాలా ప్రసిద్ధం. ముందు చచ్చిన పులి, వెనక నిలబడ్డ దంపతులు. ఈ ఫోటోలో పెన్సిల్‌తో దిద్దాల్సిందేమీ లేదు. పులి జాడ తీసినవాళ్లు, అడవిలో డప్పులు కొట్టి దాన్ని తోలినవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లు ఫ్రేము బయట ఉండిపోయారు. క్రాప్ అనే ఎడిటింగ్ కెమెరా నిలబెట్టిన చోటే జరిగిపోయింది.

1899-1900లో దేశంలో చాలా భాగాన్ని కరువు కాల్చేసింది. నిజాం రాజ్యంలో మరాఠ్వాడా వైపు దెబ్బ గట్టిగా తగిలింది. సర్కారు చేపట్టిన సహాయ పనులను దీన్ దయాళ్ స్టూడియో ఫోటోలు తీసింది. పనుల దగ్గర వరుసగా కూర్చున్న కూలీలు, ఆసరా కోసం చేరిన పేదలు అందులో కనిపిస్తారు. దర్బార్ ఫోటోల్లో ప్రతి అమీర్‌కూ పేరు, హోదా ఉంటాయి. కరువు ఫోటోల్లోని ముఖాలకు పేర్లు లేవు. ఇవి సర్కారు మంచి పనిని చూపించడానికి తీయించిన ఫోటోలు. అయినా ఎముకలు తేలిన ఒళ్లు దాగలేదు. ఏ ముడతనూ తుడవాల్సిన అవసరం లేని చోట కెమెరా చూసింది చూసినట్టే మిగిలింది. చరిత్ర రాసేవాళ్లకు ఫలక్‌నుమా షాండ్లియర్ ఎంత అవసరమో ఈ ముఖాలూ అంతే అవసరం.

చివరి రోజులు

1890ల్లో దీన్ దయాళ్ పేరు దేశం దాటింది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫోటోలు పెట్టారు. విక్టోరియా రాణి నుంచి రాయల్ వారెంట్ దక్కింది. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో తెరిచారు. ఇందోర్, సికింద్రాబాద్, బొంబాయి, మూడు చోట్లా వ్యాపారం. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ ఈ పనిలోకే వచ్చారు. 1903 ఢిల్లీ దర్బారును కూడా వాళ్ల కెమెరాలు పట్టుకున్నాయి.

మరుసటి ఏడాది, 1904లో, ధరమ్ చంద్ చనిపోయారు. కొడుకు పోయిన ఏడాదికే, 1905 జూలై 5న, దీన్ దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. వయసు 61. ఆ తర్వాత జ్ఞాన్ చంద్ స్టూడియోను నడిపించారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కూడా ఫలక్‌నుమాలో కన్నుమూసి, మక్కా మసీదు ఆవరణలో తన పెద్దల పక్కన చేరారు.

ఈ రెండు మరణాల మధ్యలో, 1908 సెప్టెంబర్‌లో, మూసీ వరద వచ్చింది. నది ఒడ్డున వేలాది ఇళ్లు కొట్టుకుపోయాయి. తర్వాత రోడ్లు వెడల్పు చేశారు, కొత్త కట్టడాలు లేచాయి. వరదకు ముందున్న హైదరాబాద్ ఎలా ఉండేదో చూడాలంటే దీన్ దయాళ్ తీసిన ఫోటోలు తెరవాల్సిందే. తీసేటప్పుడు అవి ఆర్డర్ మీద చేసిన పనులు. నగరం మారిపోయాక అవే సాక్ష్యాలయ్యాయి.

ఆయన స్టూడియో గాజు నెగటివ్‌ల్లో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం తీసుకుని భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరుతో స్టాంపు తెచ్చింది. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు ఆ కాలపు ఫోటోల ముందు ఇప్పటికీ ఆగి చూస్తుంటారు.

పాత బస్తీకి మిగిల్చిన పాఠం

ఫోటో బాగుచేయడం ఇవాళ పాత బస్తీలో చాలామంది కుర్రాళ్లకు ఉపాధి. షాదీ ఆల్బమ్‌లు, దుకాణాల ప్రచారం, పాత ఫోటోలకు కొత్త ప్రాణం పోయడం, అన్నీ ఈ చేతి పనే. తాత గారి చిరిగిన ఫోటోను అతికించి, మరక తుడిచి, అమ్మమ్మ చేతిలో పెడితే ఆమె కళ్లు తడవడం ఈ పని చేసేవాళ్లందరూ చూసే ఉంటారు. కాలం, కెమెరా చెరిపేసిన దాన్ని తిరిగి ఇవ్వడం ఎడిటింగ్‌లో మేలైన సగం.

రెండో సగం రిష్తా ఫోటోల దగ్గర బయటపడుతుంది. చామన ఛాయ అమ్మాయి ఫోటోను నాలుగు ఛాయలు తెల్లగా చేసి పంపమని ఇంట్లోవాళ్లే అడుగుతారు. ఫోటో చూసి వచ్చినవాళ్లు అమ్మాయిని చూసి ముఖం మాడ్చుకుని లేచిపోతారు. ఆ అవమానం ఎడిటింగ్ చేసినవాడికి తగలదు, అమ్మాయికి తగులుతుంది. దీన్ దయాళ్ కాలంలో పలకకు రంగు కనిపించక ముఖం నల్లబడితే దిద్దడానికి ఒక కారణం ఉంది. ఇప్పటి ఫోన్ కెమెరాకు ఆ లోపం లేదు. అది చూపించిన చర్మం ఆమెదే. అక్కడ నీడ తగ్గించి కళ్లు కనిపించేలా చేస్తే చాలు, వెలుగు పసుపుగా పడితే వైట్ బ్యాలెన్స్ సరిచేస్తే చాలు. మనిషినే మార్చేస్తే అది మెరుగు కాదు.

ఇంకో చిన్న సంగతి. రీటచ్ చేసిన గాజు నెగటివ్‌ను వెలుతురుకు ఎదురుగా వంచి పట్టుకుంటే పెన్సిల్ చుక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఏ చోట చెయ్యి పడిందో, దాని కింద అసలు ముఖం ఎలా ఉందో రెండూ ఆ పలక మీదే ఉంటాయి. ఫోన్‌లో దిద్దిన ఫోటోను అసలు దాని మీదే సేవ్ చేస్తే ఆ జాడ పోవచ్చు. అందుకే ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు మొదటి రోజే అసలు ఫోటోను వేరుగా ఉంచి, దాని కాపీ మీదే పని చేయడం అలవాటు చేసుకోవాలి. అమ్మీ, అబ్బా ముఖాల మీది ముడతలు ఇవాళ తుడిచేయాలనిపించొచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత పిల్లలు వెతికేది ఆ ముడతలున్న ఫోటో కోసమే.